మామూలు జనంతో విధాన నిర్ణయాల మీద చర్చ: పౌర సభ నడపడం ఎలా?

"జనం మాట వినాలని మాకూ ఉంది. కానీ సభ పెడితే ఎప్పుడూ వచ్చే ఆ పాతికమందే వస్తారు, మైకు దొరికిన నలుగురే మాట్లాడతారు. ఏం చేయమంటారు?" అడిగేవాళ్లు మారుతుంటారు. స్థానిక సంస్థలో అధికారి కావచ్చు, స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాళ్లు కావచ్చు, కొత్తగా గెలిచిన సభ్యుడు కావచ్చు. ప్రశ్న మాత్రం ఇదే. విడివిడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ పద్ధతిని పౌర సభ అంటారు, చిన్నదైతే పౌర జ్యూరీ అంటారు. లాటరీ తీసి మామూలు మనుషుల్ని ఎంచుకుంటారు. వాళ్లకు విషయం అర్థమయ్యేలా అన్ని వైపుల వాదనలూ వినిపిస్తారు. వాళ్లు కొన్ని రోజులపాటు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని చర్చించి, సిఫార్సులు రాసి, నిర్ణయాధికారం ఉన్నవాళ్లకు ఇస్తారు. 1970ల్లో అమెరికాలో నెడ్ క్రాస్‌బీ, జర్మనీలో పీటర్ డీనెల్ ఎవరికి వారుగా ఈ బాట పట్టారు. ఇక సిద్ధాంతం చాలు.

మీ సమస్యకు ఇది సరిపోతుందా?

నిర్ణయం లోపల ఇప్పటికే అయిపోయి, జనం ఆమోదముద్ర మాత్రమే కావాలనుకుంటే దయచేసి పౌర సభ పెట్టకండి. వచ్చినవాళ్లు రెండో రోజుకే పసిగడతారు. ఆ తర్వాత మీరు ఏ పని మీద పిలిచినా రారు.

ఇది బాగా పనికొచ్చేది రెండు మూడు దారులుండి, ఏ దారి పట్టినా ఎవరో ఒకరికి నష్టం తప్పని సమస్యలకు. నీళ్లు చాలనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి తగ్గించాలి అనేది అలాంటిది. పైపు వ్యాసం ఎంతుండాలి అనేది అలాంటిది కాదు, దానికి ఇంజనీరు చాలు. రేపటికల్లా తేల్చాల్సిన అత్యవసరాలకూ ఇది కుదరదు. వివాదం ఎంత పెద్దదైనా భయపడక్కర్లేదు. ఐర్లండ్‌లో గర్భస్రావం లాంటి దశాబ్దాల గొడవను 99 మంది పౌరులు, ఒక అధ్యక్షురాలు ఉన్న సభకు అప్పగించారు. ఆ సిఫార్సుల ఆధారంగా పార్లమెంటు ప్రతిపాదన తయారైంది. 2018 మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే గర్భస్రావంపై ఉన్న రాజ్యాంగ నిషేధాన్ని తీసేయడానికి 66 శాతం పైగా అవునన్నారు.

ముందే సమకూర్చుకోవాల్సినవి

- నిర్ణయాధికారం ఉన్న సంస్థ నుంచి సంతకంతో కూడిన హామీ పత్రం
- ఊరు మొత్తాన్నీ కవర్ చేసే చిరునామాల లిస్టు, తాజా జనాభా లెక్కలు
- ఏ పక్షానికీ చెందని నిర్వాహక బృందం, టేబుల్‌కు ఒకరు చొప్పున శిక్షణ పొందిన ఫెసిలిటేటర్లు (తమ అభిప్రాయం చెప్పకుండా చర్చ నడిపేవాళ్లు)
- అందరూ చేరుకోగల హాలు. మెట్లెక్కలేనివాళ్లకూ వీలుండాలి. గుండ్రటి టేబుళ్లయితే మేలు, ఆడిటోరియం కుర్చీల వరుసలైతే పనికిరావు
- సభ్యులకు ఇచ్చే భత్యం, ప్రయాణ ఖర్చులు, భోజనం, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు
- కనీసం ఐదారు నెలల సమయం. అందులో సభ జరిగేది కొద్ది రోజులే, మిగతాదంతా తయారీకి

బడ్జెట్ చూడగానే చాలామంది ముందు కోత పెట్టేది భత్యానికి. అది కొట్టేస్తే రోజు కూలి వదులుకోలేని మనుషులందరినీ లాటరీకి ముందే కొట్టేసినట్టు. తగ్గించాలంటే హాలు అలంకరణ, ఫొటోలు, రంగుల రిపోర్టు తగ్గించండి.

1. రాతపూర్వక హామీ తీసుకోండి

మిగతా పనులన్నిటికంటే ఇది ముందు. "మీ సిఫార్సులను పరిశీలిస్తాం" అనే వాక్యం హామీ కిందికి రాదు. పత్రంలో ఉండాల్సింది ఇది: ఒక్కో సిఫార్సుకూ విడిగా జవాబిస్తాం, ఒప్పుకోకపోతే కారణం రాస్తాం, ఈ తేదీలోగా ఇస్తాం, జవాబును సభ్యుల ముందు బహిరంగంగా చదువుతాం.

హామీ ఎక్కువైనా చిక్కే. ఫ్రాన్స్‌లో 2019-20లో 150 మందితో వాతావరణ మార్పుల మీద పౌర సభ జరిగింది. సిఫార్సులను ఎలాంటి వడపోతా లేకుండా ముందుకు పంపుతానని అధ్యక్షుడు మేక్రాన్ మాటిచ్చారు. వాళ్లు 149 ప్రతిపాదనలు చేస్తే మూడింటిని వెంటనే పక్కన పెట్టారు, ఇంకొన్ని దారిలో పలచబడ్డాయి. చివరి సమావేశంలో ప్రభుత్వం తమ ప్రతిపాదనలను ఎంతవరకు పట్టించుకుందో మార్కులు వేయమంటే సభ్యులు ఇచ్చిన సగటు 10కి 3.3. నిజానికి ఆ ప్రతిపాదనల్లో చాలావాటిని ఏదో ఒక మేర అమలు చేశారు. అయినా మాటకూ చేతకూ మధ్య తేడానే జనానికి కనబడింది. మీరు నిలబెట్టుకోగలిగినంతే రాయించండి.

పోలండ్‌లోని గ్దాన్‌స్క్ నగరం ఒక మంచి దారి చూపించింది. 2016లో భారీ వర్షాలను ఎలా ఎదుర్కోవాలన్న విషయం మీద పౌర సభ పెట్టినప్పుడు, 80 శాతం సభ్యుల మద్దతు దొరికిన సిఫార్సును అమలు చేస్తానని మేయర్ ముందే ఒప్పుకున్నారు. గీత ఎక్కడుందో అందరికీ మొదటి రోజునుంచే తెలుసు.

2. ప్రశ్న రాయండి, మళ్లీ రాయండి

ప్రశ్న మరీ వెడల్పుగా ఉంటే ("మన ఊరి భవిష్యత్తు ఎలా ఉండాలి?") కోరికల చిట్టా వస్తుంది. మరీ ఇరుకైతే ("ఎత్తైన ట్యాంకు కట్టాలా వద్దా?") సభ్యులు అవును, కాదు అని తలూపి వెళ్లిపోతారు. లోపల జవాబు దాచిన ప్రశ్న ఇంకా ప్రమాదం: "నీటి వృథాను అరికట్టడానికి మీటర్లు ఎలా బిగించాలి?" ఇందులో మీటర్లు బిగించాలని ముందే తేల్చేశారు.

నీటి సమస్యకైతే నేనిలా రాస్తాను: "నీళ్లు చాలని నెలల్లో ఇళ్లకు, వ్యాపారాలకు, తోటలకు నీటిని ఏ పద్ధతిలో పంచాలి? దానికయ్యే ఖర్చు ఎవరు, ఎంత భరించాలి?" ఖర్చు మాట ప్రశ్నలోనే ఉండటం ముఖ్యం. లేకపోతే అందరికీ అన్నీ ఇవ్వాలన్న సిఫార్సు వస్తుంది, దాన్ని చూసి అధికారులు నవ్వుకుంటారు.

ప్రశ్న బాగుందో లేదో చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఈ విషయంతో సంబంధం లేని ఐదుగురికి చూపించి, వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమనండి. ఐదుగురూ ఐదు రకాలుగా చెబితే మళ్లీ రాయాలి. తర్వాత ఈ విషయంలో బద్ధవిరోధులైన ఇద్దరికి చూపించండి. ఇందులో మోసం ఉందని ఏ ఒక్కరు అన్నా మళ్లీ రాయాలి.

3. పర్యవేక్షక బృందాన్ని పెట్టుకోండి

ఆరుగురో ఎనిమిదిమందో చాలు. వేర్వేరు వైపులవాళ్లు ఉండాలి. సభ్యులకిచ్చే ప్రతి కాగితం, పిలిచే ప్రతి వక్త పేరు వీళ్ల కళ్లముందు నుంచి వెళ్లాలి. వీళ్లు చర్చలో కూర్చోరు. విసుగు పుట్టించే పనే, కానీ రేపు ఎవరైనా "అంతా ముందే రాసుకున్న నాటకం" అంటే మీ తరఫున మాట్లాడేది వీళ్లే. 2001లో అప్పటి మెదక్ జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక విజన్ 2020 మీద చిన్న, సన్నకారు రైతులతో 'ప్రజాతీర్పు' అనే పౌర జ్యూరీ జరిగింది. తర్వాత తీర్పులోని విషయంతోపాటు జ్యూరీని ఎలా ఎంచారు, సమాచారం అన్నివైపులదీ ఇచ్చారా అన్న దాని మీద కూడా పెద్ద గొడవే నడిచింది. తీర్పు నచ్చనివాళ్లు ముందు పద్ధతి మీద పడతారని గుర్తుపెట్టుకోండి.

4. ఎంతమంది, ఎన్ని రోజులు

చిన్న జ్యూరీకి 12 నుంచి 24 మంది సరిపోతారు. ఊరి స్థాయి విషయానికి 40 మంది దాకా, దేశ స్థాయికి 100, 150. మెల్‌బోర్న్ నగరం 2014లో తన పదేళ్ల ఆర్థిక ప్రణాళికను 43 మంది ముందు పెట్టింది. 43 మందితో అంత పని జరిగినప్పుడు మీకు 200 మంది ఎందుకు? సంఖ్య పెంచే డబ్బుంటే రోజులు పెంచండి.

ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) సూచించేది కనీసం నాలుగు పూర్తి రోజులు. వరుసగా కాకుండా రెండు మూడు వారాంతాలకు విడగొడితే మంచిది. మధ్యలో సభ్యులు ఇంటికెళ్లి, ఇరుగుపొరుగుతో మాట్లాడి, కొత్త ప్రశ్నలతో తిరిగొస్తారు. ఒక్క పూటలో ముగించేదాన్ని అభిప్రాయ సేకరణ అని పిలవండి, తప్పులేదు. పౌర సభ అనకండి.

5. లాటరీ తీయండి

పద్ధతి మొత్తానికి వెన్నెముక ఇదే, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. లాటరీ రెండు విడతలుగా ఉంటుంది.

మొదటి విడత: చిరునామాల లిస్టులోంచి యాదృచ్ఛికంగా కొన్ని వేల ఇళ్లు తీసి ఆహ్వానం పంపండి. నూటికి ఐదారుగురు సరేనంటే బాగానే వచ్చినట్టు. బ్రిటన్‌లో 2020 వాతావరణ సభ కోసం 30,000 ఇళ్లకు ఉత్తరాలు పంపితే చివరికి సభలో కూర్చున్నవాళ్లు 108 మంది. మీకు 40 మంది కావాలంటే ఎంచుకోవడానికి కనీసం 200 మంది ఒప్పుకున్నవాళ్లుండాలి. అంటే 4,000 నుంచి 5,000 ఆహ్వానాలు. చదవడం రానివాళ్లు, ఉత్తరాలు అందని ఇళ్లు ఎక్కువున్న చోట మనుషుల్ని పంపి తలుపు తట్టించండి. ఏ తలుపు తట్టాలో మాత్రం లిస్టే చెప్పాలి, వెళ్లిన మనిషి కాదు.

రెండో విడత: ఒప్పుకున్నవాళ్లలోంచి ఊరి పోలికలో 40 మందిని తీయాలి. వయసు, ఆడ-మగ, చదువు, ఉండే ప్రాంతం, ఆదాయం లేదా వృత్తి చూసుకోవాలి. ఉదాహరణకు ఊళ్లో డిగ్రీ చదివినవాళ్లు 20 శాతమే ఉన్నా, ఒప్పుకున్న 200 మందిలో సగం మంది డిగ్రీవాళ్లే ఉంటారు. పట్టించుకోకుండా లాటరీ తీస్తే 40లో 20 సీట్లు వాళ్లకే పోతాయి. కోటా పెడితే 8 సీట్లే వస్తాయి. ఇలా ఒక్కో కొలమానానికీ జనాభా లెక్కల ప్రకారం సీట్లు కట్టి, ఆ హద్దుల్లో లాటరీ తీయాలి. ఐదారు కొలమానాలు దాటితే చేత్తో లెక్క తెగదు. దీనికోసమే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, పానెలాట్ అలాంటిదే. అది కోటాలన్నీ కుదిరే జాబితాలను పెద్ద సంఖ్యలో తయారుచేస్తుంది. వాటిలో ఒకదాన్ని జనం ముందు అంకెలు తీసి ఎంచుకోవచ్చు. గ్దాన్‌స్క్‌లో పాచికలు వేసి, అది లైవ్‌లో చూపించారు.

విషయం మీద ముందే ఉన్న అభిప్రాయాన్ని కూడా ఒక కొలమానంగా పెట్టండి. ఇది చాలామంది మరిచిపోతారు. వాతావరణం మీద సభ అనగానే వాతావరణం గురించి దిగులున్నవాళ్లే ఎక్కువగా ఒప్పుకుంటారు. బ్రిటన్‌లో ఆ దిగులు ఏమీ లేనివాళ్లకూ వాళ్ల వాటా సీట్లు ఇచ్చారు.

ఇక జాగ్రత్తలు. సంఘాల నాయకులకు, పార్టీల పదవుల్లో ఉన్నవాళ్లకు సీటు ఇవ్వకండి, వాళ్లు వక్తలుగా రావచ్చు. లాటరీలో పేరు వచ్చినావిడ రాలేనంటే "మా చెల్లిని పంపిస్తా" అన్నా ఒప్పుకోకండి, రిజర్వు లిస్టులో అదే కోటాకు చెందినవాళ్లను పిలవండి. మనుషుల్ని చేర్చే పని బయటివాళ్లకు అప్పగిస్తే తప్పకుండా తనిఖీ చేయండి. ఐర్లండ్ సభలో ఏడుగురు సభ్యులను లాటరీ పద్ధతిలో కాకుండా తెలిసినవాళ్ల ద్వారా చేర్చారని 2018లో బయటపడింది, వాళ్లను తొలగించాల్సి వచ్చింది. తనిఖీ పెద్ద కష్టం కాదు: పదిమందికి ఫోన్ చేసి "మిమ్మల్ని ఎవరు, ఎలా పిలిచారు?" అని అడిగితే చాలు.

6. ఒప్పుకున్నవాళ్లు నిజంగా వచ్చేలా చూడండి

ప్రతి సభ్యుడికీ సభకు ముందు రెండుసార్లు ఫోన్ చేయండి. మొదటిసారి ఎలా వస్తారు, ఇంట్లో ఎవరిని చూసుకోవాలి, ఆరోగ్యం ఎలా ఉంది, ఏ భాషలో సులువు అని అడగండి. రెండోసారి వాళ్ల టెన్షన్ తగ్గించడానికి. "నాకేం తెలుసని పిలిచారు?" అనే మాట దాదాపు అందరి నోటా వస్తుంది. "ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదండి, అంతా అక్కడే చెబుతారు" అనండి. భత్యం ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయండి. నెల తర్వాత బ్యాంకులో పడుతుందంటే రెండో వారాంతానికి కుర్చీలు ఖాళీ అవుతాయి.

7. సమాచారం, వక్తలు

ముందుగా ఇచ్చే పుస్తకం 20 పేజీలు దాటకూడదు. ఏడో తరగతి చదివినవాళ్లకు అర్థమవ్వాలి. చదవలేని సభ్యుల కోసం ఆడియో చేయించండి. నీటి విషయమైతే ఎన్ని నీళ్లు వస్తున్నాయి, ఎక్కడ ఎంత పోతోంది, ఎవరు ఎంత వాడుతున్నారు, ఏ దారికి ఎంత ఖర్చు, ఇప్పుడున్న చట్టం ఏమంటోంది అనేవి ఉంటే సరిపోతుంది.

వక్తలను మూడు రకాలుగా పిలవండి. విషయం తెలిసిన నిపుణులు. ఒక్కో దారిని గట్టిగా సమర్థించేవాళ్లు. ఆ సమస్యను రోజూ అనుభవించేవాళ్లు. ఒక్కొక్కరికి పది నిమిషాలు, ఆ తర్వాత సభ్యుల ప్రశ్నలకు దానికి రెట్టింపు సమయం. స్లైడ్లు 40 తెచ్చి "త్వరగా చెప్పేస్తా" అనే నిపుణుణ్ని మొహమాటపడకుండా ఆపాలి, ఆపుతామని ముందే చెప్పాలి.

డెన్మార్క్‌లో 1987 నుంచి నడిచిన ఏకాభిప్రాయ సమావేశాల్లో ప్రశ్నలు తయారుచేసేది, నిపుణుల ఎంపికలో మాట చెల్లేది పౌరులదే. మీరూ కనీసం సగం వక్తల జాగాలు ఖాళీగా ఉంచి, మొదటి వారాంతం తర్వాత "ఇంకా ఎవరి మాట వినాలి?" అని సభ్యుల్నే అడగండి. మీకు తట్టని పేర్లు వస్తాయి. మీటర్ రీడింగ్ తీసే మనిషిని పిలవమని అడిగితే ఆశ్చర్యపోకండి. ఎక్కడ నీళ్లు లీకవుతున్నాయో ఇంజనీరు కంటే అతనికే బాగా తెలిసి ఉండొచ్చు.

8. చర్చ నడపండి

టేబుల్‌కు ఆరుగురు లేక ఏడుగురు. రోజుకు రెండుసార్లయినా మనుషుల్ని కలిపి మార్చాలి, లేదంటే టేబుళ్లే పార్టీలవుతాయి. మొదటి రోజు నియమాలను సభ్యులే పెట్టుకోవాలి. మాట మధ్యలో అడ్డుకోకూడదు, అభిప్రాయాన్ని విమర్శించవచ్చు కానీ మనిషిని కాదు, ఇక్కడ ఎవరేమన్నారో బయట పేరు పెట్టి చెప్పకూడదు... ఇలాంటివి వాళ్లే చెబుతారు. గోడకు అంటించండి.

ఒక టేబుల్‌ను దగ్గర్నుంచి ఊహించుకోండి. రిటైరైన ఇంజనీరు ఒకాయన పంపుల సామర్థ్యం గురించి ఏడు నిమిషాలుగా మాట్లాడుతున్నారు. చెప్పేదంతా నిజమే. ఇద్దరు తలూపుతున్నారు, ఒకబ్బాయి పెన్ను తిప్పుతున్నాడు. ఎదురుగా ఇళ్లలో పనిచేసే ఆవిడ రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. ఇక్కడ ఫెసిలిటేటర్ చేయాల్సింది ఒక్కటే: "ఒక్క నిమిషం సార్, మీరు చెప్పింది రాసుకున్నాను. అమ్మా, మీరేదో అడగబోయారు." ఆవిడ అంటుంది: "పొద్దున ఆరింటికి నీళ్లు వదిలితే నేను అప్పటికే పనిలో ఉంటాను. మా ఇంట్లో ఎవరు పట్టాలి?" ఎన్ని లీటర్లు అన్న చర్చ ఏ టైముకు అన్న చర్చగా మారుతుంది. కాసేపటికి ఆ ఇంజనీరే సాయంత్రం వదలడానికి ఏ వాల్వు మార్చాలో కాగితం మీద గీస్తుంటారు. పౌర సభలో చర్చ అంటే ఇదే.

ఫెసిలిటేటర్లకు కొన్ని పనిముట్లు:

- ఏ ప్రశ్న వేసినా ముందు రెండు నిమిషాలు అందరూ మౌనంగా కాగితం మీద రాసుకోవాలి. మాటకారులకూ మితభాషులకూ తేడా సగం ఇక్కడే తగ్గుతుంది.
- తర్వాత వరుసగా ఒక్కొక్కరూ చెప్పాలి. "పాస్" అనవచ్చు, చివర్లో మళ్లీ అవకాశం ఇవ్వాలి.
- అందరూ తొందరగా ఒప్పేసుకుంటుంటే అనుమానించండి. "దీనివల్ల నష్టపోయేదెవరు? వాళ్లిక్కడ ఉంటే ఏమంటారు?" అని అడగండి.
- ఫెసిలిటేటర్ తన అభిప్రాయం చెప్పకూడదు. "మీరేమంటారు?" అని సభ్యులు పట్టుబడతారు. నవ్వేసి ఊరుకోవాలి.

తప్పుడు సమాచారం వస్తే టేబుల్ దగ్గరే వాదించకండి. "ఇది సరిచూడాలి" అని ఒక బోర్డు పెట్టి అందులో రాయండి, భోజనం తర్వాత నిపుణుడు అందరి ముందు జవాబివ్వాలి. ఇలా చేస్తే ఎవరి పరువూ పోదు. మీడియా విషయంలో ఒక నియమం బాగా పనిచేస్తుంది: వక్తల ప్రసంగాలు అందరూ చూడవచ్చు, టేబుల్ చర్చలకు మాత్రం కెమెరాలు వద్దు. కెమెరా ఉంటే మనిషి నిన్నటి మాట మార్చుకోవడానికి జంకుతాడు.

9. సిఫార్సులు రాయించండి

చివరి రోజు మధ్యాహ్నం మొదలుపెట్టకండి. మొత్తం సమయంలో మూడో వంతు దీనికే పోతుంది. ఒక్కో సిఫార్సుకు ఒక్క కాగితం: ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎందుకు, ఎవరికి ఇబ్బంది, ఆ ఇబ్బందికి ఏం చేయాలి. మొదటి ముసాయిదాలు టేబుళ్లు మార్చుకుని దిద్దాలి. అధికారులను ఒక గంట పిలిపించి "ఇది అమలవుతుందా?" అని అడిగించడం మంచిది. వాళ్లు కుదరదన్నా ఉంచుకునే హక్కు సభ్యులదే.

భాషను బాగుచేసే నెపంతో మీరు వేలు పెట్టకండి. అక్షర దోషాలు దిద్దండి, అంతవరకే. "నీటి వనరుల సమగ్ర నిర్వహణ" లాంటి ముక్కలు పడ్డాయంటే కలం మీ చేతిలోకి వచ్చేసినట్టే.

చివర్లో రహస్య ఓటు. ఒక్కో సిఫార్సుకూ విడిగా, ఐదు మెట్లలో: గట్టిగా ఒప్పుకుంటాను నుంచి అసలు ఒప్పుకోను దాకా. ఎంత శాతం వస్తే రిపోర్టులోకి ఎక్కుతుందో ముందే చెప్పాలి. ఒప్పుకోనివాళ్ల కారణాలకూ రిపోర్టులో చోటివ్వండి. దానివల్ల రిపోర్టు బలం తగ్గదు, చదివేవాళ్లకు నమ్మకం పెరుగుతుంది.

10. అప్పగించండి, బయటివాళ్లకు చెప్పండి

రిపోర్టును సభ్యులే ఇవ్వాలి, నిర్వాహకులు కాదు. అక్కడితో ఆగితే సగం పనే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2004లో 160 మంది పౌరులు నెలల తరబడి కూర్చుని కొత్త ఎన్నికల పద్ధతిని 146-7 ఓట్లతో సిఫార్సు చేశారు. 2005లో ప్రజల ముందు పెడితే 57 శాతం పైగా ఒప్పుకున్నారు. కానీ గెలవడానికి ముందే పెట్టిన గీత 60 శాతం, దాంతో వీగిపోయింది. సభలో ఉన్నవాళ్లు నెలలపాటు నేర్చుకున్నది బయటివాళ్లకు చేర్చడం మామూలు పని కాదు. అందుకే ప్రచారానికి విడిగా బడ్జెట్, మనుషులు కావాలి. అమెరికాలోని ఒరెగన్‌లో ఒక తేలిక ఏర్పాటు చేశారు: 20 నుంచి 24 మంది పౌరులు ఓటింగ్‌కు రాబోయే ప్రతిపాదనను కొన్ని రోజులు పరిశీలించి, ఒక పేజీ వివరణ రాసేవారు. అది ఓటర్లందరికీ వెళ్లే ఎన్నికల కరపత్రంలో అచ్చయ్యేది.

పని సరిగా జరిగిందా? ఇలా చూసుకోండి

*ముందూ వెనకా ఒకే సర్వే.* మొదటి రోజు ఉదయం, చివరి రోజు సాయంత్రం అవే ప్రశ్నలు అడగండి. విషయం ఎంత తెలుసు, ఏ దారి వైపు మొగ్గు, ఎందుకు. అమెరికాలోని టెక్సస్‌లో 1990ల చివర్లో విద్యుత్ కంపెనీలు ఇలాంటి చర్చలు పెట్టినప్పుడు, పునరుత్పాదక విద్యుత్ కోసం కొంచెం ఎక్కువ కట్టడానికి సిద్ధమన్నవాళ్లు సగటున 52 శాతం నుంచి 84 శాతానికి పెరిగారు. మీ దగ్గర అభిప్రాయాలు అసలు మారకపోతే తప్పు జరిగిందని కాదు. విషయ పరిజ్ఞానం కూడా మారకపోతే మాత్రం వక్తలతోనో పుస్తకంతోనో ఏదో తేడా ఉంది.

*మాటల లెక్క.* ఒక్కో టేబుల్‌లో ఎవరు ఎంతసేపు మాట్లాడారో ఒక మనిషి గడియారం పెట్టుకుని రాయాలి. ఏడుగురిలో ఇద్దరు సగం కంటే ఎక్కువ సమయం తీసుకుంటే ఆ రాత్రే ఫెసిలిటేటర్‌తో కూర్చోండి.

*మానేసినవాళ్ల లెక్క.* ఎంతమంది మానేశారన్నది కాదు, ఎవరు మానేశారో చూడండి. మానేసిన ఐదుగురూ తక్కువ ఆదాయంవాళ్లే అయితే లోపం మీ ఏర్పాట్లలో ఉంది.

*ఓడినవాళ్ల మాట.* తమ అభిప్రాయం నెగ్గని సభ్యులను "పద్ధతి న్యాయంగా జరిగిందా?" అని అడగండి. గెలిచినవాళ్లు ఎలాగూ బాగుందంటారు.

*సిఫార్సుల పట్టిక.* ఒప్పుకున్నవి, మార్చి ఒప్పుకున్నవి, కాదన్నవి, కాదనడానికి కారణం అని నాలుగు గడులు. ఆరు నెలలకు, ఏడాదికి సభ్యులను మళ్లీ పిలిచి ఈ పట్టిక వాళ్ల ముందు పెట్టండి. బెల్జియంలో జర్మన్ మాట్లాడే ప్రాంతం 2019 నుంచి దీన్ని శాశ్వత ఏర్పాటుగా మార్చింది: లాటరీలో వచ్చిన 24 మంది పౌరుల మండలి ఏ విషయం మీద సభ పెట్టాలో నిర్ణయిస్తుంది, సిఫార్సులకు పార్లమెంటు ఏం చేసిందో వెంటపడి చూస్తుంది. శాశ్వత మండలి మీ వల్ల కాకపోతే, సభ్యుల్లోంచే ముగ్గురిని పట్టిక బాధ్యులుగా ఎన్నుకోమనండి.

డబ్బు, సమయం తక్కువైతే

16 మందితో మూడు రోజుల జ్యూరీ పెట్టండి. ఉత్తరాల బదులు ఓటర్ల జాబితాలోంచి ప్రతి వందో పేరు తీసి ఇంటికెళ్లి పిలవండి. జాబితాలో లేని కొత్తగా వచ్చినవాళ్లు తప్పిపోతారు కాబట్టి, వాళ్లుండే చోట విడిగా కొన్ని ఇళ్లు తీయండి. ప్రశ్నను చిన్నది చేయండి: ఊరంతటి నీటి పంపకానికి బదులు ఒక్క సరఫరా వేళల సంగతి. వక్తలు నలుగురు చాలు.

ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. వక్తలను వినడం వరకు ఫర్వాలేదు. చర్చకైతే గుంపుకు ఐదుగురిని మించనివ్వకండి, ఒక్కో విడత రెండు గంటలు దాటనివ్వకండి. ఫోన్, డేటా లేని సభ్యులకు మీరే సమకూర్చాలి, వాడటం నేర్పే మనిషిని కూడా పంపాలి.

తగ్గించకూడనివి మూడే: సంతకంతో హామీ, లాటరీ, భత్యం. వీటిలో ఏది కుదరకపోయినా సభ తేదీ ప్రకటించకుండా ఆగండి.